తమ్ముడు తలుపు అవతలే ఉండిపోయాడు

'మేడమ్, నాకు 28 ఏళ్ళు. మాది విశాఖపట్నం గాజువాక. రెండేళ్ళ కిందట వానాకాలంలో ఒక రాత్రి బస్సు తప్పిపోతే, తమ్ముడికి ఫోన్ చేసి బండి మీద రమ్మన్నాను. తిరిగొస్తుంటే కాకానినగర్ దగ్గర లారీ గుద్దింది. వాడు అక్కడికక్కడే పోయాడు. నాకు చెయ్యి విరిగింది, అంతే. ఇప్పటికీ లారీ హారన్ వింటే ఒళ్ళు చల్లబడిపోతుంది. నిద్రపడితే అదే కల. ఆ దారిలోని ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా వెళ్ళలేక, చుట్టూ తిరిగి మల్కాపురం దారిలో ఆఫీసుకి వెళ్తున్నాను. ఒక కౌన్సెలర్ దగ్గరికి మూడు వారాలు వెళ్ళాను. జరిగింది చెప్పమన్నారు. చెప్పాక కలలు ఎక్కువయ్యాయి. మానేశాను. మావారు మందుల షాపులో అల్‌ప్రజోలమ్ అనే మత్తుబిళ్ళలు తెచ్చిస్తే వేసుకుంటున్నాను. జరిగిందేదో జరిగిపోయింది, తవ్వుకోవడం దేనికంటారు అత్తయ్య. ఒక్కోసారి వాడి దగ్గరికే వెళ్ళిపోతే బాగుండుననిపిస్తుంది. నాకు థెరపీ పనికిరాదేమో.'

అమ్మా, నా కూతురి ఈడుదానివి, 'నువ్వు' అంటాను, ఏమనుకోకు.

ముందు 'వాడి దగ్గరికే' అన్న మాట సంగతి. అది ఇవాళే మీ ఆయనకు చెప్పు. నోరు రాకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎలా చేసుకోవాలి అన్నదాకా ఆలోచన వెళ్తే మాత్రం ఒంటరిగా ఉండకు. అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్ళమను.

ఇక థెరపీ. నువ్వు మానేసింది సరిగ్గా అందరూ బెదిరే చోట. రెండేళ్ళుగా మూటగట్టి అటకమీద పడేసినదాన్ని కిందికి దించితే దుమ్ము లేవదూ? జరిగింది చెప్పడం మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి కలలు ఎక్కువవుతాయి. ఆగకుండా వెళ్తే చాలామందికి అవే తగ్గుముఖం పడతాయి. ఈ సంగతి మొదటి రోజే నీకు చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం ఆ కౌన్సెలర్ పొరపాటు, నీ చేతకానితనం కాదు. చెయ్యి విరిగాక ఫిజియోథెరపీకి వెళ్ళే ఉంటావు. నొప్పికి ఏడ్చిన రోజున అత్తయ్యగారు మానెయ్యమన్నారా? ఆవిడతో ఈ మాటే అను. ఆవిడది చెడ్డ మనసు కాదు, నీ ఏడుపు చూడలేక అంటున్నారు.

మల్కాపురం దారి గురించి కాస్త ఆలోచించు. ఆ దారిన వెళ్ళిన ప్రతిరోజూ క్షేమంగా చేరతావు. అప్పుడు నీ మెదడు ఏం రాసుకుంటుంది? 'అటు వెళ్ళలేదు కాబట్టి బతికాం' అని. అటు వెళ్ళినా బతుకుతామని తెలుసుకునే అవకాశం దానికి రెండేళ్ళుగా దొరకలేదు. ప్రొలాంగ్‌డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతి ఇస్తుందీ అవకాశాన్నే. మామూలుగా వారానికోసారి, గంటన్నర చొప్పున 8 నుంచి 15 సార్లు. కళ్ళు మూసుకుని, ఆ రాత్రిని ఇప్పుడే జరుగుతున్నట్టు మొదట్నుంచి చివరిదాకా చెప్పిస్తారు. రికార్డు చేసి ఇంటి దగ్గర వినమంటారు. వింటుంటే రాక్షసంగా ఉంది కదూ? నేర్చుకునే రోజుల్లో నాకూ అలాగే అనిపించింది.

నీకు ఇంకో పద్ధతి ఎక్కువ నప్పుతుందని నా అనుమానం. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ అంటారు, సాధారణంగా 12 సార్లు. ఎందుకంటే నీ ఉత్తరంలో లారీ కన్నా ఫోను పెద్దగా కనిపించింది. ఆ రాత్రి ఫోన్ చేసేటప్పటికి నీకు తెలిసినవి రెండే: వాన పడుతోంది, బస్సు లేదు. లారీ సంగతి తర్వాత తెలిసింది. దాన్ని ముందే తెలిసినట్టు లెక్కగట్టి నీకు నువ్వే శిక్ష వేసుకున్నావు. తమ్ముణ్ణి బండి మీద రమ్మనడం ఈ ఊళ్ళో ఏ అక్క చెయ్యని పని? నేనంటే తలూపుతావు గానీ లోపలికి దిగదు. అందుకే అక్కడ 'నావల్లే వాడు పోయాడు' అన్న మాటను నీ చేతే కాగితం మీద రాయించి, దానికి సాక్ష్యం ఏమిటో నీ చేతే వెతికిస్తారు.

ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశావు. చదవగలిగాను. 'నేను బాగుపడితే వాణ్ణి మరిచిపోయినట్టే కదా.' అమ్మా, నిన్ను మూడో వారం వెనక్కి లాగింది కలలు కాదు, ఇదీ.

ఉత్తరంలో నీ తమ్ముడు బతికి ఉన్నది ఎంతసేపు? ఫోనెత్తి బండి మీద వచ్చినంతసేపు. మిగతా ఏళ్ళన్నీ ఏవి? ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ కొంటే నిమ్మకాయ ఇంకాస్త పిండమనేవాడా, ఉల్లిపాయ వద్దనేవాడా? నాకెలాగూ తెలీదు. నీకైనా గుర్తొచ్చి ఎన్నాళ్ళయింది? ఆ రాత్రి జ్ఞాపకం లోపలికి రాకుండా తలుపు వేసుకున్నావు. తలుపు అవతల వాడూ ఉండిపోయాడు.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను రోజున గోడ కూలి తల్లిని పోగొట్టుకున్న ఒకాయన నా దగ్గరికి వచ్చేవారు. గాలి వీస్తే చాలు, కిటికీలన్నీ మూసేసేవారు. నాలుగో నెలలో ఒకరోజు వాళ్ళమ్మ వండే కందబచ్చలి గురించి గంటసేపు చెప్పారు, నవ్వుతూ. అప్పటిదాకా ఆయనకి అమ్మంటే కూలిన గోడే.

అల్‌ప్రజోలమ్ గురించి. ప్రమాదం తర్వాత ఇలా వెంటాడే జబ్బుకి (పీటీఎస్‌డీ అంటారు) అది మందు కాదు, అలవాటైపోతుంది. అలాగని ఒక్కసారిగా ఆపకు, అదీ ప్రమాదమే. సైకియాట్రిస్టుకి చూపిస్తే మెల్లగా తగ్గిస్తారు, అవసరమైతే వేరే మందు రాస్తారు. డబ్బు ఇబ్బందైతే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెబితే మనవాళ్ళు చేసే వెటకారం నాకు తెలుసు. ఓపీలో చూపించుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చేవాళ్ళే ఎక్కువ. చెప్పినవి గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే అంటోంది.

కౌన్సెలర్‌ను మార్చేముందు పాతవారి దగ్గరికే ఒకసారి వెళ్ళు. 'కలలు ఎక్కువై భయపడి మానేశాను' అని ఉన్నదున్నట్టు చెప్పు. ఇలాంటి చికిత్సలో శిక్షణ ఉందా, ఎన్ని వారాలు, మధ్యలో కష్టమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని అడుగు. విసుక్కున్నారా, అప్పుడు మారు. కొట్టేసిన ఆ వాక్యం మాత్రం కొట్టెయ్యకుండా మళ్ళీ రాసి పట్టుకెళ్ళు.

ఇదంతా చదివి ధైర్యమొచ్చి రేపే ఒక్కదానివీ కాకానినగర్ వెళ్ళి నిలబడకు. అది తర్వాతి వారాల పని. అదీ మొదట పగలు, ఆటోలో, పక్కన మీ ఆయనతో. అప్పటిదాకా మల్కాపురం దారి మల్కాపురం దారే.