కాల్ రావట్లేదని ఫోన్ చేతిలో పెడితే ముందు ఏం చూడాలంటే

అబ్బయ్యా,

మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు, కందుకూరులో సెల్ కొట్టు పెట్టావంట, రీచార్జిలు, పౌచ్‌లు, టెంపర్డ్ గ్లాసులు బాగానే పోతుండాయంట, చాలా సంతోషం. కానీ వచ్చినోళ్ళు చాలామంది "వాట్సాప్ కాల్ పోవట్లేదు, కాస్త చూడు నాయనా" అని ఫోన్ నీ చేతిలో పెడుతుండారని, నువ్వేమో దేనికైనా యాప్ తీసేసి మళ్ళీ ఎక్కిస్తుండావని కూడా చెప్పాడు. అది వినంగానే నీకు రాయాలనిపించింది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్ల పని చేసి రిటైరైనోణ్ణి, ఇప్పుడు మా వీధిలో వాళ్ళ సెల్‌ఫోన్లు కూడా నా దగ్గరికే వస్తాయి, తీగ పోయి నెట్ వచ్చింది గానీ తప్పు వెతికే పద్ధతి మాత్రం మారలా.

మొట్టమొదట చెప్పేది ఇదే, యాప్ తీసెయ్యొద్దు. అది ఆఖరి పని. ఎందుకంటే మన దగ్గరికి వచ్చే పెద్దోళ్ళలో చాలామందికి వాట్సాప్ ఉండే నంబరు వేరు, ఇప్పుడు ఫోన్‌లో ఉండే సిమ్ము వేరు. ఉలవపాడు పక్క నుంచి ఒకామె వచ్చింది, కొడుకు గల్ఫ్ పోయేముందు తన పాత సిమ్ము మీద వాట్సాప్ పెట్టిచ్చి పోయాడు, ఆ సిమ్ముకి రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది, అయినా వాట్సాప్ మాత్రం నెట్ మీద నడుస్తానే ఉండింది. అట్టాంటి ఫోన్‌లో యాప్ తీసేసి మళ్ళీ వేస్తే ఓటీపీ ఆ చచ్చిపోయిన నంబరుకి పోతుంది, ఆ నంబరు కంపెనీ ఇంకెవరికన్నా ఇచ్చేసి ఉంటే ఇంక ఆ అకౌంట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. అందులో మనవడు చిన్నప్పుడు పంపిన వాయిస్ మెసేజీలు ఉంటాయి, పోయిన మొగుడి ఫోటోలు ఉంటాయి, ఆమెకి కాల్ రాకపోవడం కన్నా అయ్యి పోవడం పెద్ద నష్టం. కాబట్టి వాట్సాప్ సెట్టింగ్స్‌లోకి పోయి పైన పేరు మీద నొక్కి, ఏ నంబరు మీద ఉండాదో చూడు, "ఈ సిమ్ము మీ దగ్గర పని చేస్తా ఉందా" అని అడుగు, చాట్స్‌లో చాట్ బ్యాకప్ ఆఖరు సారి ఎప్పుడు అయ్యిందో చూడు. ఇంకోటి, ఫోన్ సెట్టింగ్స్‌లో క్లియర్ క్యాచీ నొక్కితే ఏమీ పోదు, దాని పక్కనే ఉండే క్లియర్ డేటా నొక్కితే అంతా తుడిచిపెట్టుకు పోతుంది, తొందరలో వేలు దాని మీద పడనీబాక.

ఇంక అసలు పద్ధతి. ఎక్స్ఛేంజీలో మాకు ఎండీఎఫ్ అని పెద్ద ఇనప చట్రం ఉండేది, ఊళ్ళోంచి వచ్చే తీగలు ఒక పక్క, మిషన్ వైపు తీగలు ఇంకో పక్క. కంప్లైంట్ రాగానే నిచ్చెన ఎత్తుకుని స్తంభాల వెంట పోయేవాళ్ళం కాదు, ముందు ఆ చట్రం కాడ లైన్ విడదీసి తప్పు లోపలుందా బయటుందా చూసేవాళ్ళం, దాంతోనే సగం పని అయిపోయేది. నీ కొట్లో కూడా అంతే చెయ్యి. ఆ ఫోన్‌ని నీ వైఫైకి కలుపు, దాంట్లోంచి నీ ఫోన్‌కి వాట్సాప్ కాల్ చెయ్యి, మాట బాగా వినపడితే ఫోన్‌లోనూ యాప్‌లోనూ తప్పు లేదు, వాళ్ళింటి నెట్‌లోనో అవతలి మనిషి వైపో ఉండాది. నీ వైఫై మీద కూడా పోకపోతే అప్పుడు ఫోన్ విప్పి చూసే మాట. అట్నే "ఒక్కరికే పోవట్లేదా అందరికీనా" అని అడుగు, ఒక్కరికే అయితే ఆ ఒక్కరి ఫోన్‌ని చూడకుండా ఈ ఫోన్‌ని ఎంత గెలికినా లాభం లేదు. అందరికీ, ఊరందరికీ ఒకేసారి పోకపోతే వాట్సాప్ కంపెనీ సర్వర్లే పడిపోయి ఉంటాయి, కాసేపు ఊరుకో.

స్క్రీన్ మీద మాట కూడా చదువు, చాలామంది అది చూడరు. కాల్ నొక్కినాక కాలింగ్ అనే ఉండిపోతే కబురు ఇంకా అవతలి ఫోన్‌కి చేరలేదని, రింగింగ్ అని మారితే ఆ ఫోన్‌కి చేరిందని. రింగింగ్ అని పడతా ఉండాది కానీ "నాకు మోగలేదు" అని ఆయన అంటుండాడంటే, ఆ ఫోన్‌లో నోటిఫికేషన్లు ఆపి ఉండాయి, లేకపోతే డు నాట్ డిస్టర్బ్ పెట్టి ఉండాది, లేకపోతే కాల్ ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మోగతా ఉండాది.

ఈ మోగకపోవడం దగ్గరే ఎక్కువ మంది ఇబ్బంది పడుతుండారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. "యాప్ తెరిస్తేనే మిస్డ్ కాల్ కనపడతా ఉండాది, అప్పటిదాకా చప్పుడే లేదు" అంటే తొంభై పాళ్ళు బ్యాటరీ సేవింగే అనుకో. ఛార్జింగ్ మిగల్చడానికి ఫోన్ వెనకాల నడిచే యాప్‌లని నిద్రపుచ్చుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో వాట్సాప్ యాప్ ఇన్ఫోలోకి పోయి బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టు, మొబైల్ డేటా దగ్గర బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆన్ చెయ్యి, కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ అనో ఆటో లాంచ్ అనో వేరే ఉంటుంది, అది కూడా ఆన్ చెయ్యి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకి కూడా యాప్ పర్మిషన్ అడుగుతుంది, మన పెద్దోళ్ళు ఏదన్నా అడిగితే భయపడి వద్దు అని నొక్కేస్తారు, ఆడ ఆగిపోతుంది. 2023 నుంచి వాట్సాప్‌లోనే సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ అని ఒకటొచ్చింది, ప్రైవసీలో కాల్స్ కింద ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే సేవ్ చెయ్యని నంబర్ల నుంచి వచ్చేది మోగదు. మోసగాళ్ళ కాల్స్‌కి అది మంచిదే, నేను అందరికీ ఆన్ చేసే పెడతా, కానీ కొడుకు వేరే దేశం పోయి కొత్త నంబరు తీసుకుంటే ముందు దాన్ని సేవ్ చేసిపెట్టాలి, లేదంటే బిడ్డ కాల్ కూడా మోగదు. ఇంకో చిన్నది, ఫోన్‌లో తేదీ టైము తప్పుంటే వాట్సాప్ అసలు కలవదు, బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన పాత ఫోన్లలో అది చూడు, ఆటోమేటిక్‌లో పెట్టు.

మాట వినపడకపోవడం వేరే సంగతి. "వాళ్ళ మాట నాకొస్తా ఉండాది, నా మాట వాళ్ళకి పోవట్లేదు" అంటే వాట్సాప్‌లోనే ఒక వాయిస్ మెసేజీ రికార్డ్ చేసి వాళ్ళ ముందే వినిపించు. అది బాగుంటే మైకు బాగుండాది. బాగలేకపోతే మామూలు కాల్ చేసి చూడు, అందులో మాట పోతుంటే యాప్‌కి మైక్ పర్మిషన్ లేదన్నమాట. ఆండ్రాయిడ్ 12 నుంచి పైనుంచి లాగే మెనూలో మైక్ యాక్సెస్ అని ఒక బటన్ ఉండాది, అది ఆఫ్ చేస్తే ఏ యాప్‌కీ మైకు అందదు, పిల్లలు ఆడుకుంటా నొక్కేసి ఉంటారు. మైకు పని చేస్తుంటే స్క్రీన్ పైన మూల పచ్చ చుక్క వెలగాలి, అది కూడా గమనించు. ఇవన్నీ బాగుంటే అప్పుడు ఫోన్ తిరగేసి కింద అంచు చూడు, ఛార్జింగ్ పెట్టే చోటు పక్కన సన్న బెజ్జం ఉంటుంది, అందులో పొడి, దుమ్ము చేరి గట్టిపడి ఉంటుంది, కొందరికైతే నువ్వు అమ్మిన పౌచ్ అంచే దాన్ని మూసేసి ఉంటుంది. పౌచ్ తీసి మాట్లాడించు. పిన్నీసు మాత్రం లోపలికి గుచ్చబాక, మెత్తటి పొడి బ్రష్‌తో పైపైన తుడువు. మాట అవతలికి పోయి, ఇవతల ఏమీ వినపడకపోతే బ్లూటూత్ చూడు, ఇంట్లో పిల్లోడి ఇయర్‌ఫోన్ కలిసి ఉంటే మాటంతా పక్క గదిలో వినపడతా ఉంటుంది. కాల్‌లో స్క్రీన్ నల్లబడి ఆఫ్ చెయ్యడానికి కూడా రాకపోతే చెవి కాడ పెట్టంగానే స్క్రీన్ ఆపే సెన్సార్ పైన ఉంటుంది, దాని మీదికొచ్చిన టెంపర్డ్ గ్లాసు తీసి చూడు.

మాట తెగి తెగి రావడం నెట్ సంగతి. ఎన్ని గంటలకి తెగుతుందో అడుగు. సాయంత్రం ఏడు నుంచి పది దాకా తెగుతుందంటే టవర్ మీద జనం ఎక్కువ, కాలవ చివర పొలానికి నీళ్ళు అందనట్టే. రాత్రి పన్నెండు దాటాక బాగుంటుందంటే రోజు కోటా అయిపోతా ఉండాది. చాలా ప్లాన్లలో కోటా అయిపోతే నెట్ ఆగిపోదు, స్పీడు 64 కేబీపీఎస్‌కి, అంటే నత్తనడకకి పడిపోతుంది, నెట్ గుర్తు కనపడతానే ఉంటుంది కాబట్టి వాళ్ళకి తెలియదు, వీడియో మాత్రం బొమ్మలాగ ఆగిపోతుంది. పగలంతా రీల్స్ చూసి రాత్రికి మనవరాలితో మాట్లాడదామంటే ఆ నెట్‌తో ఎట్టా. వాళ్ళకి పెద్ద ప్యాక్ అంటగట్టే ముందు వీడియో ఆపి మాట మాత్రమే మాట్లాడమని చెప్పు, స్టోరేజ్ అండ్ డేటాలో యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్ ఆన్ చెయ్యి. వైఫై ఉన్న ఇళ్ళల్లో 5 గిగాహెర్ట్జ్‌కి స్పీడు ఎక్కువ గానీ మన మందపాటి గోడలు దాటి రాదు, లోపలి గదిలో కూర్చునేవాళ్ళకి 2.4 మీద కలుపు. రెండు సిమ్ములుండే ఫోన్లో నెట్ ఒకదాని మీద, మామూలు కాల్ ఇంకోదాని మీద వస్తే ఆ కాసేపూ నెట్ తెగుతుంది, రొయ్యల గుంటల కాడ ఉండేవాళ్ళకి రోజంతా కాల్సే కాబట్టి ఇది ఎక్కువ కనపడతా ఉండాది, డేటా డ్యూరింగ్ కాల్స్ అని ఉంటే ఆన్ చేసి చూడు.

గల్ఫ్ సంగతి విడిగా చెప్పాలి, మన ఉదయగిరి, ఆత్మకూరు పక్కల నుంచి, కనిగిరి నుంచి పోయినోళ్ళు చాలామంది కదా. దుబాయ్, అబుదాబీల్లో వాట్సాప్ మెసేజీ పోతుంది, కాల్ మాత్రం పోదు, అక్కడి గవర్నమెంటే దానికి అనుమతి ఇవ్వలా. తల్లి ఇక్కడ కూర్చుని తన ఫోన్ చెడిపోయిందని ఏడుస్తుంది, నువ్వు విప్పి చూసినా ఏమీ దొరకదు. ఆమె బిడ్డ ఏ దేశంలో ఉండాడో ముందు అడుగు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ ఇద్దరి ఫోన్లలో వేస్తే సరిపోతుంది. వీపీఎన్, అంటే నెట్‌ని వేరే దేశం మీదుగా తిప్పి అడ్డు దాటించే యాప్, అది పెట్టిస్తానని మాత్రం అనబాక, అక్కడ చట్టం కఠినం, వీపీఎన్‌ని తప్పుగా వాడితే వేసే జరిమానా పిల్లోడి సంపాదనకి మించి ఉంటుంది.

ఇంకోటి, ఇది చాలా గట్టిగా చెప్తుండా. కాల్ కలవట్లేదని గూగుల్‌లో వాట్సాప్ కస్టమర్ కేర్ నంబరు వెతికి చేసేవాళ్ళు ఉండారు, అట్టా ఫోన్ ఎత్తి మాట్లాడే కస్టమర్ కేర్ వాట్సాప్‌కి లేదు, ఎత్తినవాడు దొంగే. స్క్రీన్ షేర్ చెయ్యమంటాడు, ఏదో యాప్ వెయ్యమంటాడు, స్టార్ హ్యాష్ కలిపి ఏదో నంబరు నొక్కమంటాడు, అది నొక్కితే వాళ్ళకి వచ్చే కాల్స్ వాడికి మళ్ళిపోతాయి, ఓటీపీ కాల్‌లో వస్తే అదీ వాడికే. ఎవరైనా అట్టా నొక్కేసి వస్తే ##002# కొట్టి మళ్ళింపులన్నీ తీసెయ్యి, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, ఆ అకౌంట్‌కి కలిసి ఉన్న వేరే ఫోన్లు, కంప్యూటర్లలో తెలియని వాటిని తోసెయ్యి, టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ను వాళ్ళ చేతనే పెట్టించు. డబ్బు పోయుంటే గంటలు లెక్క, నీ కొట్లోంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయించు, రేపు పోదాంలే అననీబాక.

ముసలోళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళకి ఇంకో మాట కూడా చెప్పి పంపు. వాట్సాప్ నుంచి 108కీ 112కీ కాల్ పోదు. అంబులెన్సు కావాలంటే మామూలు డయలరే. కాబట్టి నెట్ ప్యాక్ మీద డబ్బంతా పెట్టి, కాల్స్ లేని సిమ్ముతో వాళ్ళని ఉండనీబాక. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చూశావు కదా మన పక్క కరెంటు ఎట్టా అల్లాడిందో, టవర్లకి కరెంటు లేకపోతే బలహీనమైన సిగ్నల్లో వీడియో పోదు, మామూలు ఎస్ఎంఎస్ మాత్రం ఒక్కోసారి దూరిపోతుంది. తుఫాను హెచ్చరిక రాగానే దగ్గరోళ్ళ నంబర్లు కాగితం మీద రాయించి గోడకి అంటించమను.

ఎవరు ఫోన్ తెచ్చినా పాస్‌వర్డ్ వాళ్ళ చేతనే కొట్టించు, వాళ్ళ చాట్‌లు తెరవబాక, మార్చిన ప్రతి సెట్టింగూ నోటితో చెప్పి మార్చు, అప్పుడే మళ్ళీ నీ కొట్టుకే వస్తారు. పది నిమిషాలు చూసి ఏమీ దొరక్కపోతే ఆ మాటే చెప్పు, లేని స్పేర్ పార్టు పేరు చెప్పి డబ్బు తీసుకోబాక.

దేనికన్నా అర్థం కాకపోతే సాయంత్రం ఆరు తర్వాత చెయ్యి, ఏ ఫోను, ఏ ఆండ్రాయిడ్, స్క్రీన్ మీద ఏం పడిందో ముందే రాసి పెట్టుకుని చెయ్యి. మీ అమ్మని, నాయనని అడిగానని చెప్పు.

మీ పెదనాయన