కోచింగ్ ఖర్చు నెలకు 10,800 కాదండీ

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. నిజాంపేటలో ఇంటి దగ్గరి క్లబ్‌లో రెండేళ్లుగా షటిల్ ఆడుతోంది. ఫీజు నెలకు 4,500. పాపలో టాలెంట్ ఉందని, బ్యాచ్‌లో ఉంటే వృథా అవుతుందని కోచ్ గారు అంటున్నారు. ఆయన పర్సనల్ కోచింగ్‌కి గంటకు 900 తీసుకుంటారు, వారానికి మూడు రోజులు. కోర్టుకు గంటకు 350 వేరే, ఫెదర్ కాక్స్ నెలకు రెండు డబ్బాలు మేమే తేవాలి (డబ్బా 1,800). మా ఇద్దరి జీతాలు కలిపి చేతికి 1,12,000 వస్తుంది. ఈఎంఐ 36,000, స్కూలుకు నెలకు సగటున 11,000, ఇంటి ఖర్చు 38,000, అత్తయ్యగారి మందులు 4,000. పాప పేరిట సుకన్య సమృద్ధి ఖాతాలో 5,000, మ్యూచువల్ ఫండ్ సిప్‌లో 8,000 కడుతున్నాం. బ్యాంకులో 60,000 ఉంది. రెండేళ్లు సుకన్య, సిప్ ఆపేసి కోచింగ్‌లో పెడితే తప్పా?
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: మీరు మనసులో పెట్టుకున్న అంకె 10,800. నెలకు 12 గంటలు, గంటకు 900. కానీ కోర్టు అద్దె 4,200, కాక్స్ 3,600 మీరే రాశారు. రానూపోనూ ఆటోకో పెట్రోలుకో ఒక 1,500 వేసుకోండి. మొత్తం 20,100. పోనీ క్లబ్ 4,500 మిగులుతుందా అంటే అదీ లేదు. కోచ్ గారు ఎదురుగా నిలబడి కాక్స్ అందిస్తారు, ఫుట్‌వర్క్ చేయిస్తారు. మ్యాచ్ ఆడాలంటే తోటి పిల్లలు కావాలి కదా. ఆ పిల్లలు ఉండేది క్లబ్‌లోనే.

ఇప్పుడు మీ ఖర్చులూ పొదుపూ అన్నీ పోగా నెలకు 5,500 మిగులుతోంది. సుకన్య, సిప్ రెండూ ఆపితే ఇంకో 13,000. అంటే 18,500. కావలసింది 20,100. ఉన్న పొదుపంతా ఆపేసినా ప్రతి నెలా 1,600 తక్కువ పడుతోంది. అది క్రెడిట్ కార్డు మీదకే వెళ్తుంది. రాకెట్ గట్టింగ్ (తీగలు మార్పించడం), బూట్లు నేను ఇంకా లెక్కలో వేయనే లేదు.

ఆ సిప్ సంగతి కూడా చూద్దాం. ఏటా 10 శాతం వస్తుందనుకుంటే (ఇది అంచనాయే, ఎవరూ హామీ ఇవ్వరు) నెలకు 8,000 చొప్పున పాపకు 18 వచ్చేసరికి దాదాపు 11.7 లక్షలవుతుంది. మొదటి రెండేళ్లు కట్టకపోతే 7.8 లక్షలు. కట్టనిది 1.92 లక్షలే, కాలేజీ ఫీజు కట్టే రోజున తగ్గేది మాత్రం 3.8 లక్షల పైన. సుకన్యలో ఏడాదికి 250 రూపాయలు వేసినా ఖాతా బతికే ఉంటుంది కాబట్టి ఆపడం సులువనిపిస్తుంది. దాన్ని చదువుకే వదిలేయండి. పాప పదో తరగతి పాసయ్యేదాకా, లేదా 18 నిండేదాకా, మామూలుగా అందులోంచి తీయడానికీ వీల్లేదు.

కోచ్ గారి మాట అబద్ధమని నేననడం లేదు. కానీ సలహా ఇచ్చేదీ ఫీజు తీసుకునేదీ ఒకరే. పాలసీ అమ్మే ఏజెంటు ‘మీకు ఇంకో పాలసీ కావాలండీ’ అంటే ఎలా వింటారో దీన్నీ అలాగే వినండి. సింధు పేరు ఈ మాటల్లో ఎక్కడో వచ్చే ఉంటుంది. ఆ అమ్మాయి ఆట మొదలుపెట్టింది సికింద్రాబాద్‌లో రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ సంస్థ కోర్టుల్లో, మెహబూబ్ అలీ గారి దగ్గర. గోపీచంద్ అకాడమీ ఆ తర్వాత. పైగా అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ప్లేయర్లు, నాన్న రమణ గారు అర్జున అవార్డు గ్రహీత. పిల్ల ఆట ఎక్కడుందో చూసి చెప్పగల కళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాయి. మీకూ నాకూ ఆ చూపు లేదు. అందుకే ముందు జిల్లా స్థాయిలో అండర్-11, అండర్-13 టోర్నమెంట్లు నాలుగైదు ఆడించండి. ఏ రౌండ్‌లో, ఎంత స్కోరుతో, ఎవరి చేతిలో ఓడిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఆ స్కోర్లకు ఫీజుతో సంబంధం ఉండదు.

కాబట్టి క్లబ్ మానొద్దు. అయితే ఒకసారి వెళ్లి, గ్యాలరీలో కూర్చుని గడియారం చూడండి. కోర్టుకు ఎనిమిది మంది పిల్లలుంటే డబుల్స్‌లో నలుగురు ఆడతారు, నలుగురు బెంచీ మీద ఉంటారు. రెండు గంటల బ్యాచ్‌లో మీ పాప కోర్టులో ఉన్నది 50 నిమిషాలే అయితే లోపం బ్యాచ్‌ది. బ్యాచ్ మార్చమనండి, కుదరకపోతే క్లబ్ మార్చండి.

మిగిలే 5,500లో 4,000 పాప ఆట పేరుతో ఆర్‌డీలో వేయండి. టోర్నమెంట్ ఎంట్రీలు, ప్రయాణాలు అందులోంచే. ఏడాదికొకసారి వేసవి సెలవుల్లో పది గంటల పర్సనల్ కోచింగ్ పెట్టించండి. కోర్టు, ఒక డబ్బా కాక్స్ కలిపి 14,300 అవుతుంది. బ్యాక్‌హ్యాండో, నెట్ దగ్గర ఆటో, నోట్‌బుక్‌లో తేలిన ఒక్క లోపం మీదే పని చేయించండి. అదే స్థాయి పిల్లలు ఇద్దరు తోడై, కోచ్ గారు ఒప్పుకుంటే కోచ్ ఫీజు, కోర్టు అద్దె కలిపి గంటకు తలా 417 పడుతుంది. ఫీజులో జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే అడగండి.

మిగతా 1,500 బ్యాంకులోని 60,000కు కలపండి, ఏ బోనస్ వచ్చినా అక్కడికే వెళ్లాలి. పొదుపు కాక నెలకు 93,500 ఖర్చున్న ఇంటికి ఆ 60,000 మూడు వారాల డబ్బు కూడా కాదు. నిజానికి మీ ఉత్తరంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ అంకే.

ఇంకొకటి, ఏడాది ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంట్ అంటే కట్టకండి. మా వాడి క్రికెట్‌కి నేనలాగే కట్టాను. ఐదో నెలలో అకాడమీ మూతపడింది. ఆరో నెలకు మావాడికి గిటార్ మీద మనసైంది. కిట్ బ్యాగు ఇప్పటికీ అటక మీదే ఉంది, ప్యాడ్లకున్న కవరు కూడా తీయలేదు.

ఏడాది తర్వాత ఆ నోట్‌బుక్‌లో ఏముందో నాకు రాయండి. అప్పటికీ పాప పొద్దున ఐదింటికి మీరు లేపకుండానే లేస్తుంటే, అది కూడా రాయండి. పెరిగిన జీతం ఎంతో చెబితే పర్సనల్ కోచింగ్ లెక్క మళ్లీ వేద్దాం.