అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కావాలని కెలికేవాళ్ళతో ఎలా వేగాలి?

"పట్టించుకోకండి" అని పైన అందరూ రాశారు. పట్టించుకోకపోతే కెలికేవాడు అన్నదే నిజమైపోతుందండీ. గ్రూపులో సగం మంది నోరు విప్పరు గానీ అన్నీ చదువుతారు.

మాది హైదరాబాద్‌లో మియాపూర్. మంజీరా కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, ఎండాకాలం బోరు చేతులెత్తేస్తే ట్యాంకర్లే గతి. లెక్కలు చూసే మేడమ్ రిటైర్డ్ టీచర్. ఓ రాత్రి పదకొండు దాటాక ఒకాయన "ట్యాంకర్ల డబ్బులు ఎవరి జేబులోకి పోతున్నాయో?" అని నవ్వే బొమ్మ తగిలించి పెట్టాడు. ఆవిడ బిల్లులన్నీ ఫోటోలు తీసి పెట్టారు. "బిల్లులదేముంది, ఎవరైనా కొట్టిస్తారు" అన్నాడు. తర్వాత "2021లోనే ప్రభుత్వం వాళ్ళు ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఫ్రీ అన్నారుగా, ట్యాంకర్లెందుకు?" అన్నాడు. ఈ సగం నిజాలతోనే వచ్చింది చావు. మాఫీ అయ్యేది బిల్లు. పైపులో రాని నీళ్ళు మాఫీతో వస్తాయా? అది చెప్పేలోపే ఆయన లిఫ్టు రిపేరు మీదికి దూకి, అక్కణ్నుంచి "మీ జిల్లావాళ్ళంతా ఇంతే" దాకా వెళ్ళిపోయాడు. మధ్యమధ్యలో "అడగడం కూడా తప్పేనా?" ఒకటి. మేడమ్ గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

నేను ఒక్కటే అడిగాను: "సార్, ఏ తేదీ బిల్లు తప్పు?" ఆయన కుక్కల గురించి ఎత్తుకున్నా అదే ప్రశ్న. "అడ్మిన్‌ని జైల్లో వేయిస్తా" అన్నాడు. సభ్యులు పెట్టే పోస్టులకు అడ్మిన్ బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఆ వార్తలు పెట్టి, కిందే మళ్ళీ "ఏ తేదీ బిల్లు సార్?"

అసలు నాకు ఒళ్ళు మండేది ఆయన మీద కాదు. "ఇద్దరూ పెద్దవాళ్ళు, వదిలేయండి" అంటూ దండాల బొమ్మలు పెట్టే బ్యాచ్ మీద. ఆవిడను దొంగ అన్నప్పుడు వీళ్ళకు వినపడదు, ఆవిడ జవాబిస్తే మాత్రం శాంతి గుర్తొస్తుంది. తెల్లారుజామున ఐదింటికి పూల ఫోటోలతో ఫోన్లు నింపేదీ వీళ్ళే.

ఆదివారం సెల్లార్లో మీటింగ్ పెట్టి బిల్లుల ఫైలు టేబుల్ మీద ఉంచాం. ఆయన ఊరెళ్ళాడట. మేడమ్‌ని బతిమాలి తీసుకొచ్చాం. లెక్కలకు వేరే గ్రూపు, అందులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకూడదని ఆవిడ షరతు. అనుమానమున్నవాళ్ళు ఫ్లాట్ నంబరు వేసి కాగితం మీద రాసి వాచ్‌మన్‌కి ఇవ్వాలి. ఇప్పటిదాకా వచ్చిన కాగితాలన్నీ పార్కింగ్ గురించే.