పాట చివర పేరు చెప్పినావిడ

ప్రశ్న: జుమ్మేరాత్ బజారులో ఓ పాత గ్రామఫోను ప్లేటు కొన్నాను. హిందుస్తానీ పాట. అయిపోగానే పాడినావిడ ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పింది! ఎందుకండీ? (మెహదీపట్నం)

జవాబు: పేరేమిటో మీరు రాయలేదు గానీ, ఈ పనికి పేరుమోసినావిడ గాయని గౌహర్ జాన్. 1902లో రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తా వచ్చి ఆవిడ పాటలు రికార్డు చేశాడు, అయితే ప్లేట్లు అచ్చయ్యేది ఇక్కడ కాదు, జర్మనీలోని హానోవర్‌లో, అక్కడివాళ్లకు మన పాట ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది చెప్పండి, అందుకని చివర్లో ‘మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్’ అని చెప్పేసేది. అప్పటికి మైకులు లేవు. పెద్ద గరాటులోకి మొహం పెట్టి, గంటసేపు పాడాల్సిన రాగాన్ని మూడు నిమిషాల్లో కుదించి పాడాలి. మనవాళ్ల షార్ట్స్ ఏపాటి!

ప్రశ్న: పాత ప్లేట్ల లేబులు మీద గరాటు ముందు కూర్చున్న కుక్క బొమ్మ సంగతేమిటి? (అంబర్‌పేట)

జవాబు: దాని పేరు నిప్పర్. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరౌడ్ మొదట గీసినప్పుడు ముందున్నది గ్రామఫోను కాదు, ఎడిసన్ రకం ఫోనోగ్రాఫు, అంటే ప్లేటు బదులు గొట్టం తిరిగే యంత్రం. కొనేవాళ్లు గ్రామఫోను కంపెనీవాళ్లు కదా, దానిమీదే మళ్లీ రంగేసి యంత్రం మార్చేశాడు.

ప్రశ్న: తాతయ్య ప్లేట్లు బూజు పట్టాయి. స్పిరిట్‌తో తుడవొచ్చా? (మలక్‌పేట)

జవాబు: వద్దమ్మా, ఆగండి! 78 వేగం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లు చాలావరకు లక్కవి. వడ్రంగి పాలిష్ కోసం లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే. మీరు లాడ్ బజారులో బేరమాడే గాజులూ ఆ ప్లేట్లూ ఒకే లక్కపురుగు పుణ్యం. నేనూ ఓసారి ఇలాగే తుడిచాను. దూదికి నల్లగా అంటుకుంది, అంటే ఆ నలుపు మురికి కాదు, పాటే. డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో గీతల వెంబడే గుండ్రంగా తుడవండి. లేబులు తడవకూడదు. ఆరాక నిలువుగా పెట్టండి. కీ ఇచ్చే పెట్టె అయితే ఒక్కో వైపుకీ కొత్త ముల్లు వేయాలి, పిసినారితనం పనికిరాదు.

ప్రశ్న: అమెరికా గాయని డాలీ పార్టన్ పాట ‘జోలీన్’ని నెమ్మదిగా తిప్పితే మగవాడు పాడినట్టుందని స్నేహితురాలు పంపింది. నేను ఫోన్‌లో 0.75 వేగం పెట్టి విన్నా, గొంతు మారలేదు. మోసమా? (కూకట్‌పల్లి)

జవాబు: మోసం కాదు. అది 45 వేగం ప్లేటును 33లో తిప్పిన తమాషా. తిరగడం తగ్గితే లయతోపాటు శ్రుతీ దిగుతుంది, దాదాపు ఐదు స్వరస్థానాలు, అంటే పై ‘స’ మీద ఉన్న గొంతు పంచమం దగ్గరకొచ్చి కూర్చుంటుంది. ఫోన్ అలా కాదు, వేగం తగ్గించినా శ్రుతిని పడిపోకుండా పట్టుకుంటుంది. మీకు ఆ మగగొంతు వినాలని ఉంటే వేగం మార్చే మీటున్న ప్లేయరు మీద ఆ 45 ప్లేటును 33లో తిప్పి చూడండి.