టెక్ సందేహాలు: పేజీ మీది, ఓటీపీ వేరే వాళ్లకా?

ప్రశ్న: ఉదయగిరిలో మేం చెక్క గరిటెలు, స్పూన్లు చేసి అమ్ముతాం. మా వీధి అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టిచ్చాడు, ఆర్డర్లు బాగానే వస్తున్నాయి. ఇప్పుడతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాడు. నేను కొత్త ఫోన్ కొన్నాను. లాగిన్ అవుదామంటే కోడ్ అతని నంబరుకే పోతోంది.

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి ఫోన్ ఎత్తుతున్నప్పుడే ఈ పని కానిచ్చేయండి. అతను నంబరు మార్చేశాడంటే పేజీ మీ చేతికి రావడం చాలా కష్టం. తీరిగ్గా ఉన్న రోజు ఇద్దరూ లైన్‌లో ఉండి, కోడ్ చెప్పించుకుని మీ ఫోన్‌లో లాగిన్ అవ్వండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్ తెరిచి, పర్సనల్ డీటెయిల్స్‌లో మీ నంబరు, మీ ఈమెయిల్ చేర్చండి. వాటికి కోడ్ వచ్చి, సరేనని చూపించాకే అతని నంబరు తీసేయండి. ముందే తీసేస్తే ఇద్దరికీ కాకుండా పోతుంది. తర్వాత పాస్‌వర్డ్ మార్చి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేసి, పాత ఫోన్లన్నింటిలో లాగౌట్ చేయండి. అబ్బాయి మంచివాడే కావచ్చు. కానీ అతని ఫోన్ ఎవరైనా కొట్టేస్తే పోయేది మీ వ్యాపారం.

ఇంకో మాట. మీ పేజీలో పెట్టిన క్యూఆర్ ఎవరి ఖాతాదో చూశారా? అది కూడా ఆ అబ్బాయిదే అయితే ఈ రోజే మార్చండి. 'కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో పేజీ పోతుంది' అని లింకు పంపేవాళ్లకు మాత్రం ఏ కోడూ చెప్పొద్దు.

మీ సరుకుకు జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది. పేజీ పేరులోనే 'ఉదయగిరి చెక్క గరిటెలు' అని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయండి. ఇన్‌స్టాలో వెతికేవాళ్లకు ముందు కనిపించేది ఆ పేరే. గరిటె ఫొటో ఒక్కటే పెట్టకుండా, చెక్కను చెక్కుతున్న చేతుల వీడియో పెట్టండి. మిషన్ మీద చేసిన గరిటెకూ మీదానికీ తేడా కొనేవాళ్లకు కళ్లారా కనబడాలి.

ప్రశ్న: నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాది టిఫిన్ బండి. పొద్దున రద్దీలో కొందరు 'పేమెంట్ అయింది' అని స్క్రీన్ చూపించి వెళ్లిపోతున్నారు. రాత్రి లెక్క చూస్తే డబ్బు తక్కువ వస్తోంది. సౌండ్‌బాక్స్‌కు అద్దె దండగేమో?

జవాబు: దండగ కాదన్నా, తీసుకోండి. కస్టమర్ స్క్రీన్ మీద పచ్చ టిక్కు చూసి ఇడ్లీ పొట్లం ఇచ్చేయొద్దు. పేరు, మొత్తం కొడితే అచ్చం అసలుదానిలాంటి స్క్రీన్ చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. సౌండ్‌బాక్స్‌లో దాని సిమ్ దానికే ఉంటుంది. చెల్లింపు పూర్తయిందని కంపెనీ సర్వర్ చెబితేనే అది పలుకుతుంది, ఎదుటివాడి ఫోన్‌తో దానికి పనిలేదు. నెలకు అద్దె ఎంతో, వద్దనుకుంటే ఎలా ఆపాలో ముందే అడిగి రాయించుకోండి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ డబ్బు మీద వ్యాపారికి 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ (చెల్లింపు మీద వ్యాపారి దగ్గర కోసుకునే) చార్జీ లేదు. దాని మీద 'నూటికి ఇంత' కమీషన్ ఉంటుందని ఏ ఏజెంటైనా అంటే ఒప్పుకోవద్దు.

సిగ్నల్ లేక బాక్స్ పలక్కపోతే మీ యాప్‌లో హిస్టరీ చూడండి. కస్టమర్ ఖాతాలో నిజంగానే కట్ అయి మీకు రాకపోతే, రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 5 రోజుల్లోగా ఆ డబ్బు తిరిగి వాళ్ల ఖాతాలో పడాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఉంటుంది. ఆ సంగతి చెప్పి, ఇంకోసారి పే చేయమనండి, గొడవ పడొద్దు. బండి తెరవగానే రోజూ మీ క్యూఆర్‌ను మీరే స్కాన్ చేసి మీ పేరు వస్తోందో లేదో చూసుకోండి. రాత్రికి రాత్రి దాని మీద వేరే స్టిక్కర్ అంటించేవాళ్లున్నారు.

ప్రశ్న: ఒంగోలులో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి వాట్సాప్‌లో అమ్ముతాను. ఆర్మీ క్యాంపుకు 20 కిలోల గోంగూర కావాలని ఫోన్ చేసి, అడ్వాన్స్ పంపడానికి క్యూఆర్ స్కాన్ చేయమన్నారు.

జవాబు: మోసం. డబ్బు తీసుకోవడానికి స్కాన్, పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మీరు పిన్ కొట్టారంటే డబ్బు పంపుతున్నట్టే. ఇప్పటికే కొట్టి ఉంటే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మొదటి గంటలే కీలకం.

ప్రశ్న: కొత్తపట్నంలో ఎండు చేపలు అమ్ముతాను. ఎవరో కొత్త కస్టమర్ డబ్బు వేశాడు, వారం తర్వాత బ్యాంకువాళ్లు నా ఖాతా మొత్తం హోల్డ్‌లో పెట్టారు. నేనేం తప్పు చేశాను?

జవాబు: మీ తప్పేమీ లేకపోవచ్చు, టెన్షన్ పడొద్దు. ఎక్కడో కాజేసిన డబ్బుతో మీ దగ్గర సరుకు కొని ఉంటారు. బాధితుడు ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు చేరిన ఖాతాలన్నీ వరసగా ఆగిపోతాయి. బ్యాంకుకు అర్జీ రాసిచ్చి ఫిర్యాదు నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, వివాదంలో ఉన్న మొత్తం తీసుకోండి. ఆ మొత్తాన్ని మాత్రమే ఆపి, మిగతాది వదలమని అందులోనే కోరండి. ఆ ఆర్డర్ తాలూకు వాట్సాప్ చాట్, బిల్లు, పార్సిల్ రసీదు ఆ స్టేషన్‌కు ఈమెయిల్ చేసి, పంపిన కాపీ బ్యాంకుకూ ఇవ్వండి. చాట్ డిలీట్ చేసే అలవాటుంటే మానేయండి, ఇప్పుడు మీకు అదే సాక్ష్యం. హోల్డ్ తీసేశాక వ్యాపారానికి వేరే ఖాతా తెరిచి, దాని మీదే కొత్త క్యూఆర్ తీసుకోండి. ఇంకోసారి ఇలాగే జరిగినా, పిల్లల ఫీజు డబ్బు మాత్రం అందులో ఇరుక్కోదు.