గ్రామసభ నోటీసు, నా వేలి వార్నిష్ మరక

ప్రశ్న: "మా జిల్లాలో ఒక ప్రభుత్వ కమిటీ సమావేశం జరిగిన సంగతి అది ముగిసిన వారానికి తెలిసింది. ఇలాంటి సమావేశాలకు ముందుగా ప్రజలకు నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఉందా? ఉంటే ఎన్ని రోజుల ముందు?"

అన్నిటికీ కలిపి ఒకే చట్టం మన దగ్గర లేదండీ. ఏ కమిటీకి ఆ కమిటీ చట్టం, దాని కింద నియమాలు. మీ ప్రశ్నకు జవాబు ఇంతే. కానీ నేను రాయడానికి కూర్చున్నది ఇందుకు కాదు. నోటీసు ఇచ్చినట్టు కాగితం ఉంటుంది, నోటీసు మాత్రం ఎవరికీ అందదు. ఈ విద్య గురించి నాకు తెలిసినంత హైదరాబాదు వకీళ్లకు కూడా తెలియదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే దేవరకొండ వైపు ఒక ఊళ్లో, పంచాయతీ ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా, నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఆ తలుపును చూస్తూనే కాయిల్స్ చుడుతున్నాను. ఏ కాగితం ఎప్పుడు అంటించారో, ఎప్పుడు చింపారో, ఏ మేక దాన్ని తినిపోయిందో నాకు తెలుసు. మేక మాట నవ్వించడానికి చెప్పడం లేదు. మైదా జిగురుతో అంటించిన కాగితం వాటికి మహా ఇష్టం.

2019 సెప్టెంబరు ఆరున తెలంగాణ పల్లెల్లో ముప్పై రోజుల ప్రణాళిక మొదలైంది. తరువాత దానికే పల్లె ప్రగతి అని పేరు పడింది. పొదలు కొట్టడం, పాడుబడ్డ గోడలు కూల్చడం, మురికి కాలువలు తీయడం, చెత్త పోసే డంపింగ్ యార్డుకూ, వైకుంఠధామానికీ (అంటే శ్మశానానికీ) స్థలం చూడటం. అబద్ధం ఎందుకు, మా వీధి కాలువ అడుగు ఏ రంగులో ఉంటుందో ఆ నెలలోనే మొదటిసారి చూశాను.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం కాలిపోయిన అయిదు హెచ్‌పీ బావి మోటారు నా ముందు ఉంది. కొత్త వైరు చుట్టడం అయిపోయింది, వార్నిష్ పోస్తున్నాను. పంచాయతీ లెక్కలు రాసే కారోబార్ పొడుగాటి పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అన్నా, ఒక సంతకం."

"దేనికి?"

"శ్రమదానం హాజరు. నిన్న వచ్చావు కదా."

నిజమే, వెళ్లాను. చేతికి వార్నిష్ ఉంది, తుడుచుకుని పెడతానంటే, పర్వాలేదన్నాడు. పెట్టాను. పై పేజీలో ఏముందో చూడలేదు. చూడకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను.

దసరా వెళ్లాక ఒక ఉదయం మా పొలం దారిలో ట్రాక్టరు రాళ్లు దించుతోంది. మా బావికి నలభై అడుగుల దూరం కూడా లేదు. అడిగితే డంపింగ్ యార్డు అన్నారు. ఎవరు ఒప్పుకున్నారని అడిగితే, "గ్రామసభలో తీర్మానం అయింది, నువ్వు కూడా సంతకం పెట్టావు కదా" అన్నారు. నాకు కోపం కంటే ముందు నవ్వు వచ్చింది. నేను రోజంతా చూసే తలుపు మీద గ్రామసభ నోటీసు అనే కాగితం ఆ నెలలో పడనే లేదు.

సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామస్థాయిలో రుసుము లేదు. మండలంలో అయితే అయిదు రూపాయలు, ఆ పైన పది. తెల్ల కాగితం మీద మూడు వాక్యాలు రాసి ఇచ్చాను. నోటీసు నకలు, చాటింపు వేయించిన ఖర్చు రసీదు, తీర్మానం పుస్తకంలో ఆ రోజు పేజీలు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, ముప్పై నాలుగో రోజు ఇచ్చారు. పదకొండు పేజీలు, పేజీకి రెండు రూపాయల చొప్పున ఇరవై రెండు.

ఆ పేజీలు ఇప్పటికీ షాపులో బేరింగుల డబ్బా కింద ఉన్నాయి. నోటీసు ఉంది, తేదీ చక్కగా సభకు ముందుదే. సభ ఉదయం పది గంటలకు బడి ఆవరణలో జరిగినట్టు రాశారు. కోరం కోసం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సినంత మంది వచ్చారని చూపడానికి, సంతకాలు వరుసగా ఉన్నాయి, ఇరవై ఏడోది నాది. దాని పక్కన జిరాక్సులో కూడా దాగని నల్లటి బొటనవేలి మరక. మా ఊళ్లో వార్నిష్ చేతులతో తిరిగేవాడిని నేనొక్కడినే. బడి ఆవరణలో కూర్చుని నేను మోటారుకు వార్నిష్ పోస్తున్నానని ప్రభుత్వం అనుకోవాలన్నమాట.

అంతకంటే బాగున్నది రసీదు. చాటింపుకు మూడు వందలు ఇచ్చినట్టు ఉంది, కింద వేలిముద్ర ఉంది. డప్పు కొట్టే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లి చదివి వినిపించాను. "ఆ వారమంతా నేను ఊళ్లోనే లేను బిడ్డా. చిన్న బిడ్డ పురుడని చింతపల్లికి పోయి ఉన్నాను" అన్నాడు. కాసేపు ఆగి, "మూడు వందలా? నాకు ఎప్పుడూ నూరే ఇస్తారు" అన్నాడు. ఆయన బాధ అది. నా బావి సంగతి ఆయనకు పట్టలేదు, పట్టాలని నేనూ అనుకోలేదు.

కాగితాలు పట్టుకుని పై ఆఫీసుకు వెళ్లాను. సభ మళ్లీ పెట్టమన్నారు. ఈసారి అన్నీ పద్ధతిగా జరిగాయి. నోటీసు ముందుగానే తలుపు మీద పడింది, పెద్దాయన వాడవాడా డప్పు కొట్టాడు. సభ ఎప్పుడు? డిసెంబరులో మంగళవారం, పగలు పదకొండింటికి. పత్తి ఏరే రోజులు. కిలోల లెక్కన కూలి వచ్చే పని వదిలి డంపింగ్ యార్డు గురించి మాట్లాడటానికి ఎవరు వస్తారు? లెక్కపెట్టాను, పద్నాలుగు మంది వచ్చాం. అందులో ముగ్గురు పింఛను ఇస్తున్నారనుకుని వచ్చిన ముసలమ్మలు. కోరం లేదని వాయిదా వేశారు. మళ్లీ పెట్టేలోపు గోడలు లేచాయి.

అందుకే ఎన్ని రోజుల ముందు అని మీరు అడిగితే నాకు విసుగు వస్తుంది. ఏ గంటకు పెడుతున్నారో అడగండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ పెట్టాలి. పెట్టండి, కానీ దీపాలు పెట్టాక పెట్టండి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పగలు పెట్టే సభకు నెల ముందు నోటీసు ఇచ్చినా ఒక్కటే, ఇవ్వకపోయినా ఒక్కటే.

నోటీసు లేకపోయినా జనం వచ్చే సభలు కూడా ఉన్నాయి లెండి. 2025 జనవరి 21 నుంచి 24 వరకు రైతు భరోసాకు, రేషన్ కార్డులకు, ఇందిరమ్మ ఇళ్లకు పేర్లు చదివిన సభలు గుర్తున్నాయా? మా ఊళ్లో కుర్చీలు చాలక జనం నా షాపు అరుగు మీద, చివరకు విప్పి పెట్టిన మోటారు మీద కూడా కూర్చున్నారు. జాబితాలో పేరు ఉందా లేదా అన్నది డప్పు కంటే గట్టిగా వినిపిస్తుంది.

ఇప్పుడు డప్పు కూడా పోయింది, వాట్సాప్ గ్రూపు వచ్చింది. రాత్రి పది దాటాక ఒక ఫొటో పెడతారు. వంకరగా తీసిన కాగితం, కింది సగం నీడలో. రేపు ఉదయం సభ అని. దాని మీద తెల్లవారేసరికి గులాబీ పువ్వుల శుభోదయాలు నలభై పడతాయి. ఫోను లేని వాళ్ల సంగతి సరే, ఉన్నవాళ్లకు మాత్రం ఏం కనిపిస్తుంది? డప్పును పాతకాలపు వ్యవహారమని నవ్వేవాళ్లకు ఒక మాట. ఫ్యాక్టరీలకు పర్యావరణ అనుమతి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ గురించి కేంద్రం 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన నోటిఫికేషన్ చూడండి. కనీసం ముప్పై రోజుల గడువు ఇవ్వాలి, ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటించాలి, పత్రికలు చేరని చోట డప్పులాంటి వాటితో చాటించాలని ఢిల్లీవాళ్లే రాశారు. ఆ ముప్పైని ఇరవై చేద్దామని 2020లో ముసాయిదా తెచ్చారు. ఎవరికి తొందరో నేను చెప్పనక్కరలేదు. పైగా ఆ విచారణకు కోరమే అక్కరలేదు. మన తరఫున ఒక్కరూ రాకపోయినా నడిపించవచ్చు.

మా అక్క కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. వాళ్ల బడి బోర్డు మామూలు సమావేశానికైనా 72 గంటల ముందు ఎజెండా అందరికీ కనిపించేలా పెట్టాలట. 1953 నాటి బ్రౌన్ చట్టం. ఎజెండాలో లేని విషయం మీద, కొన్ని మినహాయింపులు తప్ప, నిర్ణయం తీసుకోకూడదట. "మీ దగ్గర ఇలా లేదా మామయ్యా?" అని అడిగాడు. మా దగ్గర ఎజెండాలో ఆఖరి అంశం "ఇతర విషయములు" అని ఉంటుందిరా, మా బావి అందులోనే పడింది అన్నాను.

సరే, మీ జిల్లా కమిటీ సంగతి. సమాచార హక్కు చట్టం 2005లో 4(1)(బి) కింద ఎనిమిదో అంశం చదవండి. ప్రతి ప్రభుత్వ సంస్థ తన బోర్డులు, కమిటీల సమావేశాలకు ప్రజలు రావచ్చా, వాటి మినిట్స్ (ఏం జరిగిందో రాసుకున్న కాగితాలు) ప్రజలకు దొరుకుతాయా అన్నది ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ముందు ఆ ప్రకటన చూపించమనండి. తరువాత నేను అడిగిన మూడు కాగితాలూ అడగండి. మీకు డప్పు రసీదు ఉండదు, దాని బదులు పత్రిక ప్రకటన బిల్లు అడగండి. సంతకాల పేజీ మాత్రం వదలకండి, రంగులో నకలు ఇమ్మనండి. నేను నలుపు తెలుపులో తీసుకుని, మరక వార్నిషో సిరానో అని పై ఆఫీసులో అరగంట వాదించాల్సి వచ్చింది.

యార్డు ఏమైందని అడుగుతారేమో. కట్టారు. చెత్త ట్రాక్టరు అంత దూరం వెళ్లడం దండగని చెరువు కట్ట పక్కనే పోసి కాలుస్తున్నారు. షెడ్డులో ఎవరో పత్తికట్టె పేర్చుకున్నారు. నిరుడు వానాకాలం మా స్టార్టర్ డబ్బా తడవకుండా నేనూ అందులోనే పెట్టుకున్నాను.