టెక్ సందేహాలు: లినక్స్‌లో గేమ్స్ ఆడొచ్చా?

ప్రశ్న: నా పాత కంప్యూటర్‌లోకి విండోస్ 11 ఎక్కదట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. లినక్స్‌కి మారదామంటే, స్టీమ్‌లో ఇన్నేళ్లుగా కొన్న గేమ్స్ అన్నీ పోతాయేమోనని టెన్షన్. నా ఫ్రెండ్ అయితే ‘లినక్స్‌లో గేమ్స్ సంగతి మర్చిపో’ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ ఫ్రెండ్ మాట కొన్నేళ్ల కిందటిదాకా నిజం. అప్పట్లో లినక్స్‌లో ఆడాలంటే డెవలపర్ దయతలచి లినక్స్ వెర్షన్ ఇవ్వాలి. లేదంటే విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపించే, 1993 నుంచి ఉన్న వైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో రాత్రంతా కుస్తీ పట్టాలి. 2018 ఆగస్టులో, స్టీమ్‌ని నడిపే వాల్వ్ సంస్థ అదే వైన్‌ని తీసుకుని, వైన్‌పై పనిచేసే కోడ్‌వీవర్స్ కంపెనీతో కలిసి ప్రోటాన్ తయారుచేసి స్టీమ్‌లోనే పెట్టేసింది. అప్పటి నుంచి పరిస్థితి పూర్తిగా మారిపోయింది.

ప్రోటాన్ చేసేది ఒక రకంగా దుబాసీ పని. విండోస్ గేమ్ బొమ్మ గీయమని గ్రాఫిక్స్ కార్డుని డైరెక్ట్‌ఎక్స్ భాషలో అడుగుతుంది. లినక్స్‌కి ఆ భాష రాదు, వల్కన్ వచ్చు. డైరెక్ట్‌ఎక్స్ 11, అంతకు ముందు వెర్షన్ల మాటల్ని డీఎక్స్‌వీకే, 12 మాటల్ని వీకేడీ3డీ-ప్రోటాన్ అప్పటికప్పుడు వల్కన్‌లోకి మారుస్తాయి. ఫైళ్లు, రిజిస్ట్రీ లాంటి మిగతా వ్యవహారాలన్నీ వైన్ చూసుకుంటుంది. ప్రాసెసర్ మాత్రం గేమ్ కోడ్‌ని నేరుగానే నడుపుతుంది కాబట్టి చాలా గేమ్స్‌లో వేగం విండోస్‌కి దగ్గరగా ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ లోపల నడిచేదీ ఇదే లినక్స్, ఇదే ప్రోటాన్.

మీది పాత కంప్యూటర్ అన్నారు కాబట్టి ముందు గ్రాఫిక్స్ కార్డు చూడండి. ఇప్పటి ప్రోటాన్‌లో ఉన్న డీఎక్స్‌వీకేకి వల్కన్ 1.3 కావాలి. ఎన్విడియా జీటీఎక్స్ 600 సిరీస్ కార్డులు, 700 సిరీస్‌లో ఎక్కువ భాగం 1.2 దగ్గరే ఆగిపోయాయి. వాటితో ప్రోటాన్ 7 లాంటి పాత వెర్షన్‌ని ఎంచుకుని ఆడుకోవాల్సిందే. ఏఎండీ, ఇంటెల్ కార్డులకు డ్రైవర్లు లినక్స్‌తోపాటే వస్తాయి. ఎన్విడియాకి సాధారణంగా విడిగా వేసుకోవాలి.

ఆ తర్వాత ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో మీ గేమ్స్ పేర్లు ఒక్కొక్కటే వెతకండి. లైబ్రరీలో ఉన్నవన్నీ అక్కర్లేదు, ఈ ఏడాది మీరు నిజంగా ఆడినవి చాలు. ప్లాటినం, గోల్డ్ అని పతకాలు కనిపిస్తాయి. పతకం చూసి ఆగిపోకుండా కింద ఇటీవలి రిపోర్టులు చదవండి, అందులో మీలాంటి కార్డు ఉన్నవాళ్లు ఏమన్నారో చూడండి. విండోస్‌ని వెంటనే చెరిపేయకండి. ఇంకో డిస్క్‌లో లినక్స్ వేసుకుని ఓ నెల రోజులు రెండూ ఉంచుకోండి.

ప్రశ్న: ఉబుంటు అనే లినక్స్ వేశాను. విండోస్ డ్రైవ్‌లో ఉన్న గేమ్స్‌నే స్టీమ్‌కి చూపించాను, మళ్లీ డౌన్‌లోడ్ చేయకుండా. కానీ ప్లే నొక్కితే ఏమీ జరగడం లేదు.

జవాబు: ప్లే బటన్ స్టాప్‌గా మారి, రెండు మూడు సెకన్లకు మళ్లీ ప్లే అయిపోతోంది కదా? ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. సరిగ్గా ఇదే తప్పు చేసి నేనూ ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను, అందుకే చూడకుండానే చెప్పగలుగుతున్నాను. మీ విండోస్ డ్రైవ్ ఎన్టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉంది. ప్రోటాన్ ప్రతి గేమ్‌కీ ఒక చిన్న నకిలీ విండోస్ ఫోల్డర్ కడుతుంది. అందులో ‘సి’ పక్కన రెండు చుక్కలున్న పేరుతో ఒక లింకు పెడుతుంది. విండోస్ దృష్టిలో ఫైలు పేరులో ఆ రెండు చుక్కలు ఉండకూడదు. దాంతో ఒక్కోసారి గేమ్ తెరుచుకోదు. ఒక్కోసారి తెరుచుకున్నా, తర్వాత విండోస్‌లోకి వెళ్తే డిస్క్‌లో లోపాలున్నాయంటుంది. గేమ్స్‌ని లినక్స్ ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4లో ఉన్న డ్రైవ్‌లోకి మార్చండి. ఫైళ్లు కాపీ చేసి స్టీమ్‌లో ‘వెరిఫై’ నొక్కితే మొత్తం మళ్లీ డౌన్‌లోడ్ చేసే పని తప్పుతుంది.

ప్రశ్న: సింగిల్ ప్లేయర్ గేమ్స్ అన్నీ బ్రహ్మాండంగా ఆడుతున్నాయి. కానీ ఫ్రెండ్స్‌తో ఆడే ఆన్‌లైన్ గేమ్ మాత్రం లాబీ దాకా వచ్చి బయటికి తోసేస్తోంది. ప్రోటాన్ వెర్షన్లన్నీ మార్చి చూశాను. సెట్టింగ్ ఏదైనా ఉందా?

జవాబు: లేదు. మీరు ఇంకెన్ని వెర్షన్లు మార్చినా లాభం లేదు, ఎందుకంటే మిమ్మల్ని ఆపుతున్నది యాంటీ-చీట్. మోసం చేసే ఆటగాళ్లను పట్టుకునే సాఫ్ట్‌వేర్ అది. అందులో పేరున్నవి రెండు: ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ. ఈ రెండూ ప్రోటాన్‌లో పనిచేస్తాయని 2021 సెప్టెంబర్‌లోనే ప్రకటించారు. అయితే ఏ గేమ్‌కి ఆ గేమ్ డెవలపర్ తనంతట తాను అనుమతి ఇవ్వాలి. ఇస్తే ఆడుతుంది, ఇవ్వకపోతే లేదు. ఎల్డెన్ రింగ్‌లో ఉన్నది ఈజీ యాంటీ-చీటే, లినక్స్‌లో ఆన్‌లైన్ చక్కగా నడుస్తుంది. ఫోర్ట్‌నైట్‌లోనూ అదే ఉంది. దాన్ని తయారుచేసే ఎపిక్ సంస్థ చేతిలోనే ఈజీ యాంటీ-చీట్ కూడా ఉంది. అయినా లినక్స్‌లో ఫోర్ట్‌నైట్ రాదు.

ఇంకా బాధపెట్టేది, నిన్నటిదాకా ఆడిన గేమ్ ఇవాళ ఆగిపోవడం. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5కి 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్‌ఐ తగిలించారు, లినక్స్‌కి మాత్రం అనుమతి ఇవ్వలేదు. అప్పటిదాకా స్టీమ్ డెక్‌లో ఆన్‌లైన్ ఆడుతున్నవాళ్లకి కథ మోడ్ ఒక్కటే మిగిలింది. ఆ మరుసటి నెలాఖరుకే అపెక్స్ లెజెండ్స్ కూడా లినక్స్‌కి తలుపు మూసేసింది. మోసగాళ్లు లినక్స్ దారిలో ఎక్కువగా వస్తున్నారని కారణం చెప్పారు.

ఆ కారణంలో కొంత నిజముందని నేనూ ఒప్పుకుంటాను. వాలరెంట్ గేమ్‌లోని వ్యాన్‌గార్డ్ లాంటి యాంటీ-చీట్‌లు విండోస్ కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, కూర్చుని కాపలా కాస్తాయి. లినక్స్‌లో కెర్నల్‌నే వాడేవాళ్లు తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు, కాబట్టి అక్కడ కాపలా పెట్టినా దాన్ని నమ్మలేరు. కానీ విండోస్‌లోనూ మోసం ఆగింది లేదు. పైగా డబ్బు పెట్టి కొన్నవాళ్లకి, ఉన్నట్టుండి ఆడలేరని చెప్పడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. సర్వర్ వైపు నిఘా పెంచడం కష్టమే, ఖర్చే. అయినా చేయాల్సిన పని అదే.

దయచేసి అడ్డదారులు మాత్రం ప్రయత్నించకండి. డెస్టినీ 2 వాళ్లు ఈ అడ్డును తప్పించుకోవాలని చూస్తే బ్యాన్ చేస్తామని స్పష్టంగా రాసిపెట్టారు. ఆ ఒక్క గేమ్ కోసం విండోస్‌ని పక్కన ఉంచుకోండి.

ప్రశ్న: నేను, నా స్నేహితురాలు కలిసి ఒక చిన్న గేమ్ చేస్తున్నాం. లినక్స్‌కి విడిగా బిల్డ్ (వెర్షన్) ఇవ్వాలా, ప్రోటాన్‌కి వదిలేయాలా? ఆడేవాళ్లే తక్కువ కదా, అంత శ్రమ అవసరమా?

జవాబు: స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబర్‌లో 3 శాతం దాటింది. తక్కువే. అయితే ఈ లెక్క కూడా వినండి. డెల్టా-వి: రింగ్స్ ఆఫ్ సాటర్న్ అనే ఇండీ గేమ్ డెవలపర్ 2021లో తన అంకెలు బయటపెట్టారు. అమ్ముడైన పన్నెండు వేల పైచిలుకు కాపీల్లో లినక్స్ వాళ్లవి సుమారు 700. వచ్చిన వెయ్యికి పైగా బగ్ రిపోర్టుల్లో మాత్రం సుమారు 400 వాళ్లవే. ఇక్కడే చాలామంది డెవలపర్లు బెదిరిపోతారు. కానీ ఆ 400లో లినక్స్‌కి మాత్రమే సంబంధించినవి మూడంటే మూడే. మిగతావన్నీ అందరికీ ఉన్న బగ్స్. వీళ్లు గమనించి, లాగ్స్ జతచేసి, ఎలా చేస్తే మళ్లీ వస్తుందో కూడా రాసి పంపారు. జీతం ఇచ్చి పెట్టుకున్న టెస్టర్లు చేసే పని అది. చిన్న టీమ్‌కి అలాంటి ఆటగాళ్లు దొరకడం అదృష్టమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇక బిల్డ్ సంగతి. గేమ్స్ తయారుచేసే ఇంజిన్లు గోడో, యూనిటీ, అన్‌రియల్ మూడూ లినక్స్‌కి ఎక్స్‌పోర్ట్ చేస్తాయి. ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కడం తేలిక, ప్రతి అప్‌డేట్‌కీ ఆ బిల్డ్‌ని ఆడి చూడటమే కష్టం. ఎక్కువగా తగిలే దెబ్బ ఫైలు పేర్లలో ఉంటుంది. ఫోల్డర్ పేరు పెద్ద అక్షరంతో మొదలుపెట్టి, కోడ్‌లో చిన్న అక్షరంతో పిలిచారనుకోండి. విండోస్ రెండూ ఒకటేలే అని సర్దుకుపోతుంది. లినక్స్ ససేమిరా అంటుంది. మీ హీరో ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది. మొదటి రోజు నుంచే పేర్లన్నీ చిన్న అక్షరాల్లో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. లినక్స్ డిస్ట్రోలు (ఉబుంటు లాంటి రకాలు) వందల్లో ఉన్నాయని కూడా భయపడకండి. స్టీమ్ లినక్స్ రన్‌టైమ్‌ని లక్ష్యంగా పెట్టుకుంటే, ఏ డిస్ట్రోలోనైనా మీ గేమ్‌కి అవే లైబ్రరీలు దొరుకుతాయి.

ప్రతిసారీ పరీక్షించే ఓపిక లేదనుకుంటే లినక్స్ బిల్డ్ ఇవ్వకండి. విండోస్ బిల్డ్‌నే ప్రోటాన్‌లో ఆడి చూసి, బాగుందని చెప్పండి చాలు. మొదట్లో ఇచ్చి తర్వాత పట్టించుకోకుండా వదిలేసిన లినక్స్ వెర్షన్లను పక్కనపెట్టి, అదే గేమ్‌ని ప్రోటాన్‌లో ఆడుకునేవాళ్లు ఎంతోమంది. ప్రోటాన్‌లో చూసేటప్పుడు కట్‌సీన్లు, అంటే ఆట మధ్యలో వచ్చే కథ వీడియోలు, తప్పకుండా చూడండి. వీడియో ఫార్మాట్ కుదరకపోతే దాని బదులు పాత టీవీల్లో కనిపించే రంగురంగుల పట్టీలు వస్తాయి. వీపీ8 లాంటి ఓపెన్ ఫార్మాట్‌లో ఉన్న వీడియోలకి ఈ ఇబ్బంది తక్కువ.

ప్రశ్న: విండోస్ గేమ్ కొని లినక్స్‌లో ప్రోటాన్‌తో ఆడితే డెవలపర్‌కి మేం ఉన్నామని తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుంది. కొన్న రెండు వారాల్లో మీరు ఎక్కువసేపు ఆడింది లినక్స్‌లోనైతే ఆ అమ్మకం లినక్స్ ఖాతాలోనే పడుతుందని వాల్వ్ ప్రోటాన్ తెచ్చినప్పుడే చెప్పింది. కాబట్టి కొత్త గేమ్‌ని ముందు లినక్స్‌లోనే తెరవండి. గేమ్ పనిచేయకపోతే, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే రీఫండ్ వస్తుంది. రీఫండ్ అడిగేటప్పుడు కారణం రాసే చోట ‘లినక్స్‌లో పనిచేయలేదు’ అని రాయండి.